రెండంగుళాల స్పాంజి

జూన్ 3, సోమవారం

మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే ఈ ఫోను మాటలన్నీ అక్షరాలుగా మార్చుకుంటుందని మనవరాలు చూపించింది. తేదీ కూడా అదే వేసుకుంటుందట. నాకు చదువు రాదు. ఇది నేను చెప్పిందే రాస్తోందో, సొంత కవిత్వం కలుపుతోందో కనిపెట్టే దారి లేదు. అయినా మనిషికి చెబితే మధ్యలో అడ్డుతగులుతారు. ఇది అడ్డుతగలదు. అందుకని నా కేసు దీనికే చెప్పుకుంటున్నాను. సమయం వచ్చినప్పుడు ఇంట్లో అందరి ముందూ చదివిస్తాను.

కేసు ఇది. మావాడు కారు అమ్మేస్తానంటున్నాడు. కారు నా పేరు మీద ఉంది. అమ్మాలంటే కాగితం మీద నా వేలిముద్ర పడాలి. నేను వెయ్యను.

నలభై ఏళ్లు మెకానిక్కుల సందులో బళ్లకు సీట్లు కుట్టాను. ఆటోలు, వ్యాన్లు, లారీలు, ఒకసారి అంబులెన్సు కూడా. ఆ షెడ్డు అమ్మితే వచ్చిన డబ్బంతా ఈ కారుకు ముందుగా కట్టాను. మిగతాది లోను. అరవై వాయిదాలు, నెలకు పదహారు వేలు, మావాడి జీతంలోంచి. అయిదు సీట్ల బండి చాలని వాడన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏడు సీట్ల బళ్లలో అన్నిటికంటే చవకది ఇదేనని వాణ్ణి షోరూముల చుట్టూ తిప్పి తేల్చింది నేనే. ఇంట్లో మేం నలుగురం: నేను, మావాడు, కోడలు, మనవరాలు. ఇదే ఊళ్లో అవతలి పక్క కూతురు, అల్లుడు, వాళ్ల పిల్లవాడు. నాలుగూ మూడూ ఏడు. ఈ మాత్రం లెక్క చదువు రానిదానికీ వస్తుంది.

ఇరవై నాలుగు వాయిదాలు సరిగ్గా కట్టాడు. జనవరి నుంచి వాడి వాటర్ ఫిల్టర్ల కంపెనీలో కమీషన్ తీసేశారు, ఉత్త జీతం మిగిలింది. మే నెల వాయిదా ఖాతాలో డబ్బు లేక తిరిగిపోయింది. ఫైనాన్సు వాళ్లు కోడలు పనిచేసే మందుల షాపుకే ఫోన్ చేసి, కొనేవాళ్లు నిలబడి ఉండగానే అడిగారట. ఇంకో రెండు తప్పితే బండి పట్టుకుపోతారట.

పట్టుకుపోతే చూద్దాం. ఆ సీట్ల కవర్లు నా చేతి కుట్టు.

జూన్ 4, మంగళవారం

వెయ్యను.

జూన్ 6, గురువారం

అసలు గొడవ చెప్పకుండా కేసు సగంలో ఉంది.

అల్లుడు తూనికలు, కొలతల ఆఫీసులో పనిచేస్తాడు. కొట్లవాళ్లు తెచ్చిన తూకం రాళ్లు సరిచూసి ముద్ర వేస్తాడు. మంచివాడే. కాకపోతే మనిషిని కూడా కాటాలో పెట్టి చూసే రకం. రెండేళ్ల కిందట కారు ఇంటికి తెచ్చిన రోజున వాళ్లను పిలిచాను. ఏడుగురం కలిసి ఊరి బయటదాకా వెళ్లొద్దామన్నాను. ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేనే చెప్పాను. సీట్ల సంగతి నాకు కాక ఎవరికి తెలుస్తుంది? మావాడు స్టీరింగు దగ్గర, నేను వాడి పక్కన. మధ్యలో కూతురూ, కోడలూ, మనవడూ. వెనక మనవరాలు, అల్లుడు.

"అల్లుడుగారూ, డిక్కీ సీటు మీది" అన్నాను.

డిక్కీ సీటు అనేది మా సందులో మాట. మూడో వరస సీటును మెకానిక్కులు అలాగే అంటారు. అందులో అవమానం ఏముంది? అల్లుడి మొహం మాడిపోయింది. మధ్య సీటు మడిచి, వంగి, లోపలికి దూరి కూర్చున్నాడు. వెళ్లినంత సేపూ మాట్లాడలేదు, వచ్చినంత సేపూ మాట్లాడలేదు. దిగి, చొక్కా సర్దుకుని, "వస్తాం బావగారూ" అని మావాడితో అన్నాడు. నాతో అనలేదు. అదే ఆఖరు. అల్లుడు నా గుమ్మం తొక్కి రెండేళ్లు. ఆయన్ని కాదని కూతురూ రాదు.

ఇక్కడ గట్టిగా చెబుతున్నాను, ఈ ఫోను సరిగ్గా రాసుకోవాలి. ఆ బండిలో అన్నిటికంటే మంచి సీటు అదే. కంపెనీవాళ్లు వెనక వరసకు ఇచ్చే స్పాంజి అట్టముక్కలా ఉంటుందని నాకు తెలుసు. అందుకే ముందే విప్పించి రెండంగుళాల స్పాంజి వేశాను. అల్లుణ్ణి మెత్తటి సీట్లో కూర్చోబెట్టాను. ఆయన అలిగాడు. ఈ సంగతి సందులో అందరికీ చెప్పాను, వాళ్ల వీధిలోనూ చెప్పాను. తప్పెవరిదో వినేవాళ్లే తేల్చుకుంటారు.

జూన్ 9, ఆదివారం

సరుకులకు నలుగురం బండిలో వెళ్లాం. దారిలో మావాడు మళ్లీ మొదలుపెట్టాడు.

"అమ్మా, పదహారు వేలని ఏడు సీట్లకి పంచి చూశాను. మూడు సీట్లు ఖాళీ. అంటే నెలకి దాదాపు ఏడు వేలు గాలికి కడుతున్నాం."

"సీట్లు ఖాళీ అని ఎవరన్నార్రా? రావాల్సినవాళ్లు రాలేదు, అంతే."

"రెండేళ్ల నుంచి రాలేదు కదా."

"నీ కమీషన్ కూడా ఆర్నెల్ల నుంచి రాలేదు. ఉద్యోగం మానేశావా?"

కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంది. నాకు కనిపించింది. వెనక వరసలో మనవరాలు ఒక్కతే కాళ్లు చాపుకుని పడుకుంది. ఆ పిల్ల అంత హాయిగా ఉందంటే నా స్పాంజి వల్లే.

"పాల డిపో ఆయన బండి అడుగుతున్నాడమ్మా" అన్నాడు మావాడు. "వాళ్లింట్లో సరిగ్గా ఏడుగురు. లోను మొత్తం ఆయనే తీర్చేస్తాడు, పైన కొంత చేతికిస్తాడు. ఈ నెలాఖరులోగా చెప్పమన్నాడు. తర్వాత ఇంకో బండి చూసుకుంటాడట."

"చూసుకోమను."

"ఫైనాన్సు వాళ్లు పట్టుకుపోతే పైసా రాదు. నీ షెడ్డు డబ్బు కూడా పోతుంది. అది నీకు అర్థమవుతోందా?"

అర్థం కాక కాదు. ఈ బండి పోతే ఏడుగురం కలిసి ఎక్కడానికి ఇంకేముంటుంది? అల్లుడు ఒక్కసారి వచ్చి, ఆ సీట్లో కూర్చుని, "మెత్తగానే ఉంది అత్తయ్యా" అంటే చాలు. ఆ తర్వాత బండిని ఎవరికైనా ఇచ్చుకోమంటాను.

జూన్ 12, బుధవారం

కూతురు ఫోన్ చేసింది. నెలకోసారి చేస్తుంది, ఆయన ఆఫీసుకు వెళ్లాక. మోకాలు ఎలా ఉందంది. బాగానే ఉందన్నాను. వాతావరణం మారినప్పుడు కొంచెం పట్టేస్తుంది, అంతే. మెట్లు దిగడం అందరికీ కష్టమే.

కారు అమ్ముతున్నారట కదా అంది. అన్న చెప్పాడట.

"నేను ఒప్పుకోలేదు. మీ ఆయన్ని ఒక్కసారి తీసుకురా. ఆ సీట్లో ఒక్కసారి చెయ్యి పెట్టి చూడమను. రెండంగుళాల స్పాంజి..."

"అమ్మా, నువ్వు ఆ మాట అనడం మానెయ్."

"ఏ మాట?"

"అదే. స్పాంజి మాట."

"ఉన్న మాటే కదే అంటున్నాను."

దానివైపు కుక్కరు కూత పెట్టింది. తర్వాత, "సరే, ఉంటాను" అని పెట్టేసింది. ఉన్న మాట అంటే దీనికేం నొప్పో.

జూన్ 14, శుక్రవారం

మోకాలికి నడక మంచిదని సందుదాకా వెళ్లాను. నా షెడ్డులో ఇప్పుడు బ్యాటరీలు అమ్ముతున్నారు. ఎదురుగా స్పాంజి కొట్టాయన అలాగే ఉన్నాడు. స్టూలు వేసి కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. కారు ఎలా ఉందన్నాడు. వెనక సీటు ఇప్పటికీ అణగలేదా అన్నాడు.

"నీ స్పాంజి కదా, అణుగుతుందా?" అన్నాను, మర్యాదకు.

"ఆ రోజు నాకింకా గుర్తే అక్కా. బండి కొన్న నెలకి కదా నువ్వొచ్చింది? వానలో తడుస్తూ వచ్చావు. నేను షట్టరు సగం దించేశాను. రేపు రమ్మంటే, కాదు, ఇప్పుడే కొయ్యమన్నావు. అల్లుడు వస్తాడు, ఈ లోపల సీటు మార్చాలన్నావు. రెండంగుళాలు చాలా అంటే, ఇంకా మందంది ఉందా అన్నావు."

"బండి కొనకముందే తీసుకున్నాను."

"కొనకముందు సీటు కొలత నీకెలా తెలుస్తుంది అక్కా?"

టీ చల్లారిపోయింది. సగంలో పెట్టేసి వచ్చేశాను.

జూన్ 15, శనివారం

స్పాంజి కొట్టాయనకు మతిమరుపు మొదలైంది. పాపం, నాకంటే పదేళ్లు చిన్నవాడు.

జూన్ 18, మంగళవారం

మావాడు కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పక్కన సిరా పెట్టె కూడా పెట్టాడు. వాడు ఏమీ అనకపోతే నాకు ఇంకా చిరాకు.

సరే, నా కేసు వినిపించే వేళయింది, ముందు ఫోను సరిగ్గా రాసిందో లేదో చూసుకుందామని, వాడు స్నానానికి వెళ్లినప్పుడు కోడలి చేత చదివించాను. అది వంటింట్లో గట్టు మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, మందు చీటీ చదివినట్టు చదవడం మొదలుపెట్టింది. నా మాటలు దాని నోట్లోంచి వస్తుంటే ఎవరో పరాయి ఆడమనిషి దెబ్బలాడుతున్నట్టుంది. ఫోను కవిత్వమేమీ కలపలేదు. అంతా నేనన్నదే.

"ముందే విప్పించి రెండంగుళాల స్పాంజి వేశాను" అని చదివి ఆగింది.

"చదువు" అన్నాను.

కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. మురికేమీ లేదు దానికి.

"అత్తయ్యా, ఆ రోజు వెనక సీటు మీద షోరూము ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. అన్నయ్యగారు కూర్చుంటే చప్పుడు చేస్తోందని మన పిల్ల దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. నేను కసిరాను కూడా."

"నీకెలా గుర్తు?"

"ఇంటికొచ్చాక ఆ కవరు విప్పింది నేనే కదా. ఇప్పటికీ బియ్యం డబ్బా మీద కప్పేది అదే."

బియ్యం డబ్బా వైపు చూశాను. ఉంది. రెండేళ్లుగా రోజూ దాన్ని తీసే కొలత గిన్నె ముంచుతున్నాను.

"ఇక చదవక్కర్లేదు" అన్నాను. కోడలు ఫోను నా చేతికిచ్చి, స్టవ్ వైపు తిరిగి, ఖాళీ గిన్నెను కలిపింది.

జూన్ 19, బుధవారం

ఇవాళ చెప్పడానికి ఏమీ లేదు.

జూన్ 20, గురువారం

వాన. మోకాలు పట్టేసింది. వాతావరణం కాదు, మోకాలే.

కారు వచ్చిన రోజు సంగతి ఇంకొంచెం ఉంది. బయలుదేరకముందు సందులోవాళ్లు చూడ్డానికి వచ్చారు. వెల్డింగాయన, పెయింటు షాపామె, స్పాంజి కొట్టాయన. నలభై ఏళ్లు వాళ్ల మధ్య నేల మీద కూర్చుని ఇతరుల సీట్లు కుట్టినదాన్ని. నా పేరు మీద బండి నిలబడి ఉంది. అందరూ చుట్టూ తిరిగి తట్టి చూస్తున్నారు. అప్పుడు అల్లుడు లోను కాగితం చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, వడ్డీ ఎంతో చూశాడు.

"అత్తయ్యా, అరవై నెలలయ్యేసరికి మీరు కట్టేది ఒక బండి కాదు, ఒకటింపావు బండి" అన్నాడు. మామూలుగానే అన్నాడు. రాయి బరువు చెప్పినట్టు చెప్పాడు.

వెల్డింగాయన నవ్వాడు. "పావు బండి ఎక్కడ పెట్టావు సీట్లమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నేనూ నవ్వాను.

తర్వాత ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పాను.

డిక్కీ సీటు మా సందులో మాటే. కానీ సందులో ఆ సీటు ఎవరికిస్తారో కూడా నాకు తెలుసు. సామాన్లకీ, పిల్లలకీ. తెలిసే అన్నాను. అందరూ వినేలా అన్నాను. ఆ సీట్లో స్పాంజి లేదు. పైన ప్లాస్టిక్ కూడా తియ్యలేదు.

నెల తర్వాత వేశాను. వేసి, అల్లుడు వస్తాడని చూశాను. రాలేదు. రానప్పుడు, ముందే వేశానని ఒకరితో అన్నాను. ఒకరితో అన్నాక ఇంకొకరితో అనడం తేలికైంది.

జూన్ 24, సోమవారం

రెండు బస్సులు మారి అల్లుడి ఆఫీసుకు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు.

పొడుగాటి గది. గోడవారన బల్ల మీద వరసగా ఇత్తడి రాళ్లు, గాజు పెట్టెలో కాటా. అల్లుడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ లాగి వేశాడు. "ఇంట్లో అంతా బాగేనా" అన్నాడు. బాగేనన్నాను. ముందు ఒక కొట్టాయన ఉన్నాడు, ఆ పని ముగించి వస్తానన్నాడు.

కొట్టాయన రెండు కిలోల రాయి తెచ్చాడు. అల్లుడు కాటాలో పెట్టి చూశాడు.

"ముప్పై గ్రాములు తక్కువుంది."

"కొత్తదేనండీ."

"అరిగిపోయింది అని చెప్పండి, అడుగున సీసం పోసి సరిచేసి ముద్ర వేస్తాం. కొత్తదే అంటే మాత్రం రాయి ఇక్కడే ఉంచేయాలి. మీ ఇష్టం."

కొట్టాయన గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అరిగిందండీ" అన్నాడు.

ఆయన వెళ్లాక అల్లుడు నా ఎదురుగా కూర్చున్నాడు. దారంతా ఏవేవో అనుకుంటూ వచ్చాను. అవన్నీ వదిలేశాను.

"ఆ రోజు సీట్లో స్పాంజి లేదు అల్లుడుగారూ" అన్నాను.

"తెలుసు అత్తయ్యా. నా నడుముకి తెలుసు."

"తర్వాత వేశాను."

"అదీ తెలుసు. మీ అమ్మాయి చెప్పింది."

"మరి తెలిసీ రెండేళ్లు..."

ఆయన ఒక చిన్న రాయి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అది ఆయన అలవాటు కాబోలు.

"సీటు సంగతి వారం తిరక్కుండానే మరిచిపోయేవాణ్ణి. అందరి ముందూ మీ లోను లెక్క చెప్పడం నాదీ పొరపాటే. కానీ మీరు ఊరంతా చెప్పుకుంటూ వచ్చారు. మెత్తటి సీట్లో కూర్చోబెడితే అలిగిన అల్లుణ్ణయ్యాను. ఈ ఆఫీసులో కూడా అడిగారు, మీకు ఎన్ని అంగుళాలు కావాలండీ అని. అత్తయ్యా, రోజంతా ఇతరుల రాళ్లు తక్కువున్నాయని చెప్పి ముద్ర కొట్టేవాణ్ణి. నన్నే తప్పుడు రాయిని చేశారు."

నాకు నోట్లో నాలుక లేదని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"ఆదివారం బండి ఇచ్చేస్తున్నాం" అన్నాను చివరికి. ఆ మాట నోట్లోంచి వచ్చాకే నాకూ తెలిసింది. "ఇవ్వడానికి ఏడుగురం వెళ్దాం. మీరు ముందు కూర్చోండి."

"నేనెక్కడైనా కూర్చుంటాను."

"లేదు. ముందే."

బస్టాపుదాకా వచ్చి, బస్సెక్కించి వెళ్లాడు.

జూన్ 27, గురువారం

ఇంకా వేలు వెయ్యలేదు. ఆదివారం అక్కడే వేస్తానని మావాడితో చెప్పాను. వాడు నమ్మలేదు. కోడలు నమ్మింది.

జూన్ 30, ఆదివారం

వాళ్లు ముగ్గురూ వచ్చారు. మనవడు రెండేళ్లలో నా భుజం దాకా ఎదిగాడు. "అమ్మమ్మా, వెనక సీటు నాదే" అంటూ పరుగెత్తాడు. వాణ్ణి పట్టుకుని మధ్య వరసలోకి తోశాను. అల్లుణ్ణి ముందు కూర్చోమన్నాను. నేను వెనక వరస ఎక్కుతానంటే మావాడు ఒప్పుకోలేదు, మోకాలు, మోకాలు అన్నాడు. బాగానే ఉందన్నాను. కూతురు ఒక రెక్క, కోడలు ఒక రెక్క పట్టుకున్నారు. మధ్య సీటు మడిచి, వంగి, లోపలికి దూరడానికి బండి కొన్నంత సమయం పట్టింది.

ఆ సీటు విప్పించిందీ, స్పాంజి నింపిందీ, మళ్లీ కుట్టిందీ నేనే. కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. గుంత వచ్చినప్పుడల్లా తల పైకప్పుకు కొట్టుకుంది. రెండంగుళాలు వేస్తే మనిషి రెండంగుళాలు పైకి లేస్తాడు కదా. నలభై ఏళ్ల పనిదాన్ని, ఈ కొలత వెయ్యలేదు.

ముందు నుంచి అల్లుడు వెనక్కి తిరిగాడు.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"తల తగులుతోంది."

"నాకూ తగిలింది. స్పాంజి లేకుండానే."

మనవరాలు నా పక్కన కూర్చుని పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు. మావాడు బండి పక్కకు తీసి ఆపి మరీ నవ్వాడు.

పాల డిపో ఆయన ఇంటి ముందు వాళ్లు ఏడుగురూ నిలబడి ఉన్నారు. ఆయన తల్లి, నా వయసే ఉంటుంది, బండి చుట్టూ తిరిగి, వెనక తలుపు తీయించి, మూడో వరస సీటు మీద అరచేయి పెట్టి నొక్కింది. సీటు తెలిసినవాళ్లు నొక్కినట్టే నొక్కింది.

"ఇది మెత్తగా ఉందే. కంపెనీదేనా?"



"కాదమ్మా. నేను వేసింది" అన్నాను.

"బండి కొన్నప్పుడే వేశారా?"

అల్లుడు పక్కనే ఉన్నాడు. మనవడి షూ లేసు కడుతున్నవాడల్లా అలాగే ఆగిపోయాడు.

"కాదు. తర్వాత" అన్నాను. "వేశాక తల తగులుతుంది. అంగుళం తీయించుకోండి. పొడుగాటివాళ్లను కూర్చోబెట్టకండి."

కాగితం బానెట్ మీద పెట్టి వేలిముద్ర వేశాను. బానెట్ ఇంకా వేడిగా ఉంది. సిరా తుడుచుకోవడానికి అల్లుడు రుమాలు ఇచ్చాడు.

కేసు ఎవరికీ చదివి వినిపించక్కర్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కాం. ఒక్కటే సీటు ఖాళీగా ఉంది, వెనక వరసలో. అల్లుడు అందరికంటే ముందు వెళ్లి దాన్ని పట్టుకుని, "రండి అత్తయ్యా" అన్నాడు. కూర్చున్నాను. ఆరుగురూ చుట్టూ నిలబడ్డారు. ఎవరూ చూడకుండా సీటు అంచున వేలు పెట్టి నొక్కి చూశాను. అంగుళం కూడా లేదు.

"మెత్తగా ఉందా?" అన్నాడు అల్లుడు.

లేదన్నాను.